మూతపడని చాకు

చాకు బాబాయ్ ఏం చెప్పినా అందులో సగం కొట్టేసి, మిగతా సగాన్ని మళ్లీ సగం చేసి, ఆ మిగిలింది కూడా ఇంకొకర్ని అడిగి రూఢి చేసుకోవాలని టీ కొట్టు అక్క అంటూ ఉంటుంది. ఆయన ఎవరికీ బాబాయి కాదు. పాత మడత చాకులు ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి, కిరసనాయిల్లో నానబెట్టి తుప్పు వదిలించి, విరిగిన పిడి తీసేసి కొత్త పిడి వేసి, మెరిసేదాకా రుద్ది జేబుల్లో వేసుకు తిరుగుతాడు. నడుస్తుంటే గలగలమంటాడు. ఆ చప్పుడు వినగానే వీధి పిల్లలు "చాకు బాబాయ్ వచ్చాడు" అనేవాళ్లు, పోనుపోను పెద్దవాళ్లకీ అదే అలవాటైపోయింది. నాది అక్క కొట్టు పక్కనే గడియారాలు బాగుచేసే కొట్టు. ఆయన కథలు వింటూ ఎన్ని పనులు పాడుచేసుకున్నానో నాకే తెలీదు. అయినా ఆయన నోరు తెరిచాడంటే లేచి వెళ్లిన రోజు లేదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన ఆగలేదు. భోజనాల వేళ దాటాక ఒకామె వచ్చి చూరు కింద నిలబడింది. తెగిన చెప్పులు చేత్తో పట్టుకుంది.

"అక్కా, ఇటు సాన పట్టే మనిషి ఎవరైనా వచ్చాడా? చక్రం బండి తోసుకుంటూ తిరుగుతాడు. కత్తులూ కత్తెర్లూ సాన పడతాడు."

"నీకేమవుతాడమ్మా?" అంది అక్క.

"మా ఆయన. వానలు పడేలోపు ఎప్పుడూ ఇల్లు చేరేవాడు. ఈసారి రాలేదు. దారిపొడుగునా అడిగి చూసుకుంటూ వస్తున్నా."

గొంతులో ఏడుపు లేదు. ఊరూరా ఇవే మాటలు చెప్పి చెప్పి వాటికి గరుకు పోయినట్టుంది. అక్క ఆమెని లోపలికి లాగి బల్ల చివర కూర్చోబెట్టి, అడక్కుండానే టీ ఇచ్చింది.

"చాకుల సంగతి ఈ చుట్టుపక్కల తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడో ఇంకాసేపటికో వస్తాడు. కాకపోతే ఆయన నోటికి..."

"తాళం లేదు," అని టైలర్ పూర్తిచేశాడు. ఆయనది ఎదురు కొట్టు. వాన పడితే బట్టలిచ్చేవాళ్లు ఉండరు కనక మాతోనే కూర్చుంటాడు.

చాకు బాబాయ్ వచ్చాడు కానీ గలగల లేదు. గొడుగు మూసి మూలన పెట్టి, ఎడమ చెయ్యి చొక్కా లోపల దేన్నో అదిమి పట్టుకుని కూర్చున్నాడు. కళ్ల కింద నల్లబడి, మొహం పీక్కుపోయి ఉంది.

"బాబాయ్, ఈ అమ్మాయి సాన పట్టే మనిషి ఒకడి గురించి అడుగుతోంది. నువ్వెక్కడైనా..."

"సాన పట్టేవాడా?" అన్నాడు. ఒక్క క్షణం తేలు కుట్టినవాడిలా చూశాడు. తర్వాత మా అందరినీ కలియజూసి, వినడానికి నలుగురున్నారని తేలగానే మళ్లీ మామూలు మనిషైపోయాడు. "సానవాడి సంగతి నన్నే అడగాలి. ఇంకెవర్ని అడిగినా దండగ. అక్కా, ముందు టీ పొయ్యి."

అక్క ఆ అమ్మాయి ఎవరో చెప్పబోయింది. ఆమె అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెప్పనివ్వండి. నాకు వినాలి," అంది మెల్లగా.

*

"ఇది చెప్పుకునేంత గొప్ప సంగతేం కాదు. నాకు చెవులు బాగా పనిచేస్తాయి, అంతే. చాకు మూసేటప్పుడు టక్కుమంటుంది చూడండి, ఆ టక్కు విని ఇరుసు మేకు ఇత్తడిదో ఇనపదో చెప్పేస్తాను, అలుగు, అదే కోసే రేకు, దాని వాసన చూసి అది ఆఖరున కోసింది తాడా, తోలా, పండా చెప్పేస్తాను, పండైతే మగ్గిందా లేదా అనేది కూడా..."

"నిన్న ఎదురుగుండా నుంచుని పిలిచాను, వినపడలేదు నీకు," అన్నాడు టైలర్.

"మనుషుల మాట వేరు, ఇనుము మాట వేరు. మధ్యలో కత్తెరేయకు. సరే, వానలు ఇంకా మొదలవలేదు. మిట్టమధ్యాహ్నం. అద్దకం షెడ్లు దాటాక తాళం పెట్టిన పాత ఇల్లు ఒకటుంది కదా, దాని ముందునుంచి పోతున్నా. ఎండకి కుక్క కూడా తల బయట పెట్టలేదు. అలాంటి వేళ ఆ ఇంట్లోంచి సర్ర్... సర్ర్... అని చప్పుడు. సానరాయి తిరుగుతోంది. రాయి మీద ఇనుము రాస్తే వచ్చే చప్పుడు నాకు మా అమ్మ గొంతు కన్నా బాగా తెలుసు. తాళం చూస్తే తుప్పు పట్టి ముద్దయిపోయింది. ఏళ్ల తరబడి ఎవరూ తియ్యలేదన్నమాట. మరి లోపల సాన పట్టేదెవరు? ఇంకోడైతే దండం పెట్టి పారిపోయేవాడు. నేనా, జేబులోంచి సన్న అలుగు చాకు తీసి తాళంలో ఇలా పెట్టి అలా తిప్పా. తలుపు తెరుచుకుంది.

ముందు గదిలో సాన బండి ఉంది. చక్రం తిరుగుతోంది. కింద కాలితో తొక్కే చెక్క ఉంటుందే, అది పైకీ కిందికీ ఆడుతోంది. తొక్కే కాలు లేదు."

"గాలికేమో," అన్నాను నేను.

"గాలా? కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. గాలి ఆడక నాకే ఊపిరందలేదు, అక్కడ చక్రం తిప్పేంత గాలి ఎక్కడిది? గడియారాలు చూసుకునేవాడివి, గడియారాలు చూసుకో. ఆ రాయి మీద నిప్పురవ్వలు లేస్తున్నాయి. ఒక రవ్వ వచ్చి నా చేతి మీద పడింది. కాలుతుందనుకున్నా. చల్లగా ఉంది. వాన చుక్క కన్నా చల్లగా ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మాకెలా తెలుస్తుంది, నువ్వు ఇప్పుడే కదా అల్లుతున్నావ్," అంది అక్క. ఆమె నవ్వడం లేదు. బల్ల చివర కూర్చున్నామెనే చూస్తోంది.

"నేనొక మాట చెప్పాలి ముందు. చాకు పట్టినవాడికి నియమం ఒకటే, ఎక్కడైనా ఎవరికైనా..."

"తెరిచినవాడే మూయాలి," అంది ఆమె.

బాబాయ్ ఆగి ఆమె వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. "నీకెలా తెలుసమ్మాయ్?"

"మా ఇంట్లోనూ చాకులున్నాయి."

"ఆఁ. చూశారా, తెలిసినవాళ్లకి తెలుస్తుంది. తెరిచినవాడే మూయాలి. నేను తెరిచి నీకిచ్చాననుకో, నువ్వు వాడుకుని తెరిచే తిరిగివ్వాలి. నీ చేత్తో మూశావో, మనిద్దరి మధ్య ఏదో తెగిపోయినట్టే. ఇది మనసులో పెట్టుకుని వినండి. రెండో గదిలోకి వెళ్లాను. గోడల నిండా కత్తులు. వంటింటి కత్తులు, క్షవరం కత్తులు, కత్తెర్లు, చాకులు, ఊళ్లో వాళ్లు సానకిచ్చి మర్చిపోయినవన్నీ అక్కడే వేలాడుతున్నాయి. అన్నీ తెరిచే ఉన్నాయి. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మొనలన్నీ నా వైపు తిరిగాయి. జనం మధ్యలోకి కొత్తవాడొస్తే అందరూ తలలు తిప్పి చూస్తారు చూడండి, అలాగ. నేను చేతులు కట్టుకుని, 'నేను మీవాణ్నే, తుప్పు వదిలించేవాణ్ని' అన్నా. అప్పుడు పక్కకి జరిగి దారిచ్చాయి."

టైలర్ గ్లాసు ఖాళీ అయినా కింద పెట్టలేదు. అబద్ధమని తెలుస్తూనే ఉంది, అయినా లేచి నా కొట్టుకి వెళ్లాలనిపించలేదు.

"మూడో గదిలో ఉన్నాడు," అన్నాడు బాబాయ్.

"ఎవరు?" అంది ఆమె.

"సానవాడు. గోడకి జారబడి కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు."

అక్క చేతిలో గరిటె గిన్నెకి తగిలి మోగింది. "బాబాయ్, ఇంక చాలు, ఆపు. ఏదో పిచ్చి కథ..."

"నన్ను చెప్పనీ అక్కా, అసలు కథ ఇప్పుడే మొదలవుతుంటే!"

"తలకి గుడ్డ చుట్టుకున్నాడా?" అంది ఆమె.

అలాంటి శ్రోత దొరికితే బాబాయ్‌కి రెక్కలొస్తాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆమె వైపు తిరిగి కూర్చుని, "చుట్టుకున్నాడు. నీలం గళ్ల గుడ్డ," అన్నాడు.

ఆమె టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది. "కాలికి దెబ్బ ఉందా?"

"ఉంది. కుడి పాదం. అడుగున ఇంత లోతు తెగి, వాచిపోయి, పాదం కుండలా అయ్యింది." చెప్పాక ఆయనే ఒక్క క్షణం తడబడ్డాడు, ఆ మాట ఎలా జారిందో తెలీనట్టు. వెంటనే గొంతు పెంచాడు. "ఆ పాదంలోంచి రక్తం కారడం లేదు, ఏంటో తెలుసా? నూనె! చాకుల ఇరుసుల్లో వేసే నూనె!"

నాకు ఆయన నోరు నొక్కేయాలనిపించింది. గుడ్డా పాదమూ గాల్లోంచి రావు. ఎక్కడో ఎవర్నో చూసే ఉండాలి. ఆమెకీ ఆ సంగతి తెలిసిపోయిందని ఆమె వేళ్లు చెప్తున్నాయి. గ్లాసు చుట్టూ తెల్లబడిపోయాయి. కానీ నేను నోరు తెరవబోతే ఆమె నా వైపు చూసి తల అడ్డంగా తిప్పింది.

"చేతిలో ఏముంది?" అంది.

"భలే అడిగావమ్మాయ్. చాకు! పిడికిట్లో మడత చాకు, అలుగు తెరిచి ఉంది. నా జన్మలో అంత మంచి చాకు చూడలేదు. పిడి కొమ్ముది, చేతికి రాసుకుని రాసుకుని తేనె రంగు తిరిగింది. తెరిచింది అతను. మూయకుండానే పోయాడు. చూశారా చిక్కు? తెరిచినవాడే మూయాలి, తెరిచినవాడేమో లేడు. 'అన్నా, ఇది ఇలా ఉండకూడదు, నాకివ్వు' అన్నా. వేళ్లు ఇనప చువ్వలు. చిటికెన వేలు విప్పా. వానొచ్చేముందు చీకటి పడుతుందే, అంత చీకటి పడింది. ఉంగరం వేలు విప్పా. బయట చక్రం ఆగిపోయింది. నడిమి వేలు విప్పా. గోడల మీద కత్తులన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చాయి. ఆఖరి వేలు విప్పేసరికి చచ్చినవాడి పెదవులు కదిలాయి. ఏమన్నాడో తెలుసా?"

అక్క పొయ్యి మంట తగ్గించింది.

"'మూయకు' అన్నాడు. 'నేనే వచ్చి మూస్తా' అన్నాడు."

ఈ మాట ఆయన మామూలు గొంతుతో అనలేదు. మెల్లగా, ఎవరో అన్నది అన్నట్టుగానే అన్నాడు. ఆమె కళ్లు మూసుకుంది.

*

"ఇంటికి తెచ్చా. మూసి చూద్దామనుకున్నా. నియమం సంగతి తెలుసు, కానీ మనసు ఊరుకుంటుందా? మూతపడలేదు! ఇరుసులో నూనె పోశా. పడలేదు. పట్టకారుతో పట్టి నొక్కా. పట్టకారు వంగింది. కమ్మరి కొలిమికి తీసుకెళ్తే సుత్తితో ఒక్కటిచ్చాడు, సుత్తి రెండు ముక్కలైంది, చాకు మీద గీత పడలేదు. ఇలా కాదని రైలు పట్టాల మీద పెట్టా. రైలు దూరంగా ఉండగానే ఆగిపోయింది. డ్రైవర్ దిగొచ్చి, చెమటలు తుడుచుకుంటూ, 'ఇక్కడ పడుకున్న మనిషేడి?' అన్నాడు. 'మనిషి లేడు బాబూ, చాకు' అన్నా. 'కాదు, కాలికి దెబ్బ తగిలిన మనిషి, లేవలేక చెయ్యి ఊపుతున్నాడు, నా కళ్లతో చూశా' అన్నాడు. ఇప్పటికీ ఆ డ్రైవర్ ఆ దారిలో బండి నడపడు, కావాలంటే అడగండి."

"ఏ డ్రైవర్ని?" అన్నాడు టైలర్. గొంతులో వెటకారం సరిగ్గా పలకలేదు.

"వాడు ఉద్యోగం మానేశాడు, ఎక్కడని అడుగుతావ్? అది కాదు, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా ఇంట్లో మూసిపెట్టినవన్నీ తెరుచుకోవడం మొదలైంది. చాకులు దాచుకునే రేకు పెట్టె ఉందిగా, పొద్దున్నే చూస్తే మూత లేచి ఉంది, లోపల చాకులన్నీ తెరుచుకుని పడుకున్నాయి. అందుకే జేబుల్లో వేసుకోవడం మానేశా. తర్వాత తలుపులు. గడియ పెడితే తెరుచుకుంటుంది, పెడితే తెరుచుకుంటుంది. తర్వాత గొడుగు. తర్వాత నా కళ్లు. రెప్పలు మూతపడవు. నిద్ర అన్నదే లేదు నాకు, ఈ చాకు చేతికొచ్చినప్పటి నుంచీ ఒక్క కునుకు లేదు. చివరికి ఊరంతా పాకింది. కొట్ల షట్టర్లు దిగలేదు. పుస్తకాలు తెరిస్తే మూతపడలేదు. నవ్విన పిల్లాడి నోరు నవ్వినట్టే ఉండిపోయింది..."

"నీ నోరు కూడా అప్పట్నుంచేనా బాబాయ్ మూతపడనిది?" అంది అక్క.

టైలర్ నవ్వబోయి ఆగిపోయాడు. బాబాయ్ వినిపించుకునే స్థితిలో లేడు. ఎక్కడో కొండ దిగుతున్న బండిలా ఉన్నాడు, ఆపుదామన్నా ఆయన చేతిలో లేదు.

"ఇంకో సంగతి. దీపం పెట్టి ఈ చాకుని గోడ ముందు పట్టుకుంటే నీడ పడుతుంది కదా. నీడలో చాకు ఒక్కటే ఉండదు. దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా ఉంటుంది. నా చెయ్యి కాదు. నేను బల్ల మీద పెట్టి దూరంగా నిలబడ్డా ఆ చెయ్యి ఉంటుంది. సన్నగా, ఎముకలు తేలి. రోజురోజుకీ ఇంకా సన్నబడుతోంది. ఇంక భరించలేక నేనే మళ్లీ ఆ ఇంటికి వెళ్లి, అతన్ని భుజాన వేసుకుని మోసుకెళ్లి, నా చేతుల్తో గొయ్యి తవ్వి పూడ్చిపెట్టా. పెట్టి ఇటు తిరిగానో లేదో, మట్టిలోంచి చెయ్యి పైకొచ్చింది. చాకు కోసం చాచి..."

"ఎక్కడ పూడ్చారు?" అంది ఆమె.

బాబాయ్ ఆగాడు. "ఆఁ?"

"ఎక్కడ పూడ్చారు? చోటు చూపిస్తారా? మీకు చూపించే తీరిక లేకపోతే దారి చెప్పండి. నేనే వెళ్తా."

కథలో ఇలా నడిచి వెళ్లి చూసొస్తాననే మనిషి ఆయనకి ఇదివరకెప్పుడూ తగల్లేదు. "అది... అక్కడే, అవతల... వాన కదా, నీళ్లు నిండిపోయి ఉంటాయి... చోటు కనపడదు," అని నీళ్లు నమిలాడు.

"పోనీ చాకు చూపించండి."

ఎడమ చెయ్యి చొక్కా లోపల ఇంకా గట్టిగా అదుముకున్నాడు. తర్వాత మెల్లగా తీశాడు. మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు. ఈ సంగతి మాత్రం నిజమే: తేనె రంగు కొమ్ము పిడి, తెరిచి ఉన్న అలుగు. ఆయన చెప్పినంత అందంగానే ఉంది.

"ముట్టుకోకు అమ్మాయ్. బతికున్నవాళ్లెవరూ దీన్ని మూయలేరు."

ఆమె తీసుకుంది. అక్క పొయ్యి పక్కన వేలాడే బల్బు వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. ఎంత వద్దనుకున్నా మా కళ్లు గోడ మీదికి వెళ్లాయి. గోడ మీద చాకు నీడ పడింది. నీడలో దాన్ని పట్టుకున్న చెయ్యి ఒకటుంది, సన్నగా, ఎముకలు తేలి. ఆ చెయ్యి ఆమెదేనని అర్థమవడానికి నాకు కాస్త టైం పట్టింది.

పిడి చివర, కొమ్ములో కలిసిపోయినట్టు, చిన్న ఇత్తడి బొడిపె ఉంది. మేకు తల అనుకుంటాం చూస్తే. ఆమె బొటనవేలితో దాన్ని నొక్కింది. అలుగు కిర్రుమనకుండా, బరువు లేనట్టు, సగం దాకా మడత పడింది. బాబాయ్ "వద్దు!" అని అరిచాడు. కథ చెప్పే గొంతు కాదది. నిజంగా భయపడ్డ మనిషి గొంతు.

ఆమె సగంలో ఆపి, మళ్లీ వెనక్కి తెరిచింది. టక్కుమంది.

"దీన్ని మూయడం నాకొచ్చు," అంది. "కానీ మూయను. తెరిచింది నేను కాదు."

చాకుని మళ్లీ గుడ్డ మీద పెట్టింది.

"ఇది మా ఆయన చేసిన చాకు. పని చేస్తుంటే ఒకసారి అలుగు మడతపడి వేలు తెగింది. అప్పట్నుంచి తన చాకుకి ఈ బొడిపె పెట్టుకున్నాడు, నొక్కితే గానీ మూతపడదు. ఇది తెలిసింది మా ఇద్దరికే. నూనె పోసినా, సుత్తితో కొట్టినా ఎందుకు మూతపడుతుంది?" ఆమె బాబాయ్ మొహంలోకి చూస్తూ అంటోంది. "ఇంకోటి. మీరు చచ్చినవాడి పిడికిట్లోంచి వేళ్లు విప్పి తీశానన్నారు. అది అబద్ధం. ఆయన తన చాకుని తెరిచి తన చేతిలో ఎప్పుడూ ఉంచుకోడు, పని అవగానే మూసేస్తాడు. తెరిచి ఉంచేది ఒక్కప్పుడే. తిరుగుళ్లకి బయల్దేరేటప్పుడు నాకు తెరిచి ఇచ్చి వెళ్తాడు, వచ్చి మూస్తానని. ఈసారి తొందరలో తనతోనే పట్టుకుపోయాడు. అదే నన్ను తినేస్తోంది ఇన్నాళ్లూ." ఆమె పిడిని బొటనవేలితో నిమిరింది. "ఇది తెరిచి ఉందంటే మీ చేతికి ఆయనే ఇచ్చాడు. బతికుండి ఇచ్చాడు. పిడి మీ వైపు పెట్టి ఇచ్చాడు కదూ?"

చాకు బాబాయ్ తల దించుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన దగ్గర మాట లేకపోవడం మేం చూడ్డం అదే మొదటిసారి.

"ఆయన నీ..." అన్నాడు. మాట పూర్తికాలేదు. అక్క వైపు తిరిగి, "ముందే చెప్పొచ్చు కదా నాకు!" అన్నాడు.

"చెప్పనిస్తేగా నువ్వు!" అంది అక్క.

"నేనే వద్దన్నా," అంది ఆమె. "భార్యనని తెలిస్తే జాలిపడి, చెడ్డ మాటేదైనా ఉంటే దాచేస్తారు. ఎవరో అనుకుంటే అంతా చెప్పేస్తారు. అందులోంచి నాక్కావలసింది నేను ఏరుకుంటాననుకున్నా. చెప్పండి. ఆయన ఎక్కడున్నాడు?"

"పెద్దాసుపత్రిలో," అన్నాడు బాబాయ్.

పాత ఇల్లు లేదు, తిరిగే చక్రం లేదు. మొదటి వాన కురిసిన రోజు సానవాడు బాబాయ్ ఇంటి వసారాలోకి వచ్చి కూర్చున్నాడట. కాలికి దెబ్బ, ఒళ్లు కాలిపోతోంది. ఊరేది, ఇల్లేది అని అడిగితే చెప్పే తెలివిలో లేడు. చాకు తీసి, తెరిచి, పిడి ఇటు పెట్టి ఇచ్చి, మూయకు, నేనే వచ్చి మూస్తా అని ఆ ఒక్క మాటే రెండుసార్లు అన్నాడట. బాబాయ్ అతన్ని అతని సాన బండి మీదే పడుకోబెట్టి, వానలో తోసుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రోజూ వెళ్తున్నాడు. పాలు తీసుకెళ్తున్నాడు. ఇవన్నీ మేం ఒక్కొక్కటీ అడిగి రాబట్టాల్సి వచ్చింది. తనంతట తను చెప్పడానికి ఆయనకి మాటలే దొరకలేదు.

"ఇంత మంచి పని చేసి, ఒక్క ముక్క చెప్పలేదేం బాబాయ్?" అన్నాను.

"అందులో చెప్పడానికేముంది?" అన్నాడు విసుగ్గా. "బండి తోశాను, పాలిచ్చాను. అదొక కథా? ఎవడు వింటాడు?" కాసేపాగి ఆమెతో అన్నాడు. "భయమేసిందమ్మా. ఆ మంచం పక్కన కూర్చుని దీన్ని చూస్తుంటే, అతని చెయ్యి రోజురోజుకీ సన్నబడిపోతుంటే, ఇతను పోతే దీన్ని ఇంక ఎవరు మూస్తారని భయం. మూయబోతే మూతపడదు. నిద్రపట్టలేదన్నది నిజమే. ఒక్కణ్నే మోయలేక ఇక్కడికొచ్చి కథ చేశా. పాపిష్టి నోరు, మనిషిని పూడ్చిపెట్టే దాకా పోయింది."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"పొద్దున రెండు గుక్కలు పాలు దిగాయి. కళ్లు తెరిచాడు. ఎవరో ఏంటో తెలియలేదు గానీ ఒక మాట అడిగాడు. చాకు తెరిచే ఉందా అన్నాడు."

అప్పుడు ఏడ్చింది ఆమె. గట్టిగా కాదు. అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. తర్వాత ఆమె మొహం తుడుచుకుని, చాకుని తెరిచి ఉన్నది ఉన్నట్టే గుడ్డలో చుట్టి, రెండు చేతుల్లో పట్టుకుని లేచింది.

"పదండి. ఆయనే మూస్తాడు."

బాబాయ్ గొడుగు తెరిచి, తను తడుస్తూ అంతా ఆమె మీదికే పట్టాడు. మెట్టు దిగుతూ, "జాగ్రత్తమ్మా, నీళ్లు మోకాలు లోతున్నాయి," అన్నాడు.

టైలర్‌కి పాత అలవాటు పోలేదు. "మోకాలు లోతేనా బాబాయ్? మెడ లోతు అనవేం?" అన్నాడు.

బాబాయ్ కిందికి చూసుకున్నాడు.

"మోకాలు కూడా లేదు. చీలమండ లోతే," అన్నాడు.